దస్తీ వేసిన సీటు

ఉప్పల్,
24 నవంబర్ 2024, ఆదివారం.

కొమురెల్లి మామకు,

దుర్గ దండాలు. ఫోన్ చేస్తే "ఎవలు?" అని నువ్వు, "నేనే" అని నేను, ఆఖరికి గల్లీ గల్లీ అంతా తలుపులు తీసి చూసేదాకా అరిచి పెట్టేయడం మనకు అలవాటైపోయింది. బస్సు మోతలో ముప్పై ఒక్క ఏళ్లు టికెట్లు కొట్టి చెవులు పోగొట్టుకున్నావు. కళ్లయినా ఉన్నాయి కదా అని ఉత్తరం రాస్తున్నాను. నీ బటన్ల ఫోన్‌కు మెసేజ్ పంపితే నువ్వు ఎట్లాగూ చూడవు.

అమ్మ పోయి తొమ్మిది నెలలు దాటింది. ఆమె మంచం అలాగే ఉంది. నేను కింద చాప మీద పడుకుంటున్నాను. గది కిరాయికిచ్చిన ఇంటాయన మంచం అమ్మేయమన్నాడు, నేను విననట్టు ఊరుకున్నాను. ఆ విద్య నీ దగ్గర నేర్చుకున్నదే.

పని అదే. నాచారంలో అదే మందుల కంపెనీ, అదే ప్యాకింగు. అట్టలో పది మాత్రలకు ఒకటి తగ్గితే పట్టుకుని పక్కన పడేయాలి. ఫోన్లు ఇప్పటికీ గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆ రోజు పక్కింటామె చేసిన పదకొండు ఫోన్లూ ఆ పెట్టెలోనే మోగాయి. పొద్దున గుండెలో మంటగా ఉందని అమ్మ అంటే గ్యాస్ మాత్ర ఇచ్చి, మంచినీళ్లు పక్కన పెట్టి డ్యూటీకి వెళ్లాను. మధ్యాహ్నానికి అమ్మ లేదు. నీకు తెలిసిందే, మళ్లీ ఎందుకు రాస్తున్నానో తెలియదు. అట్టలో తగ్గిన మాత్ర నాకు కనబడుతుంది, ఇంట్లో మనిషి తగ్గిపోతుంటే కనబడలేదు.

సరే, ఒక సంగతి చెబుతాను, నీకు కోపమొచ్చేది. బస్సులు నిండిపోయి వస్తున్నాయి. ఉప్పల్‌లో ఎక్కేవాళ్లకు సీటు కలలో మాట. ఈ మధ్య నాకు ఎక్కాలని కూడా అనిపించడం లేదు. స్టాపులో నిలబడి ఒకటి, రెండు, మూడు బస్సులు వదిలేస్తున్నాను. అట్లా వారం గడిచాక, చెంగిచెర్ల నుంచి వచ్చే బస్సులో ఒకాయన కిటికీలోంచి నన్ను పిలిచి, "అమ్మా, ఇక్కడ సీటుంది, రండి" అన్నాడు. చూస్తే సీటు మీద జేబురుమాలంత తెల్ల దస్తీ. చెంగిచెర్లలోనే ఎక్కి ముందుగానే వేసి ఉంచాడట. మర్నాడూ అంతే. రెండు నెలల నుంచి రోజూ అంతే. మొదట్లో నిలబడ్డ ఆడవాళ్లు గొడవపెట్టారు. ఇప్పుడు వాళ్లే ఆ దస్తీకి కాపలా. ఆయన పేరు రామ్మోహనరావు, కోస్తా మాట. దిగేటప్పుడు ఒక్కటే అంటాడు: "రేపు కూడా ఈ సీటు మీదేనమ్మా."

నీ చెవి మిషన్ ఈల వేయడం మానిందా?

నీ అక్క బిడ్డ,
దుర్గాభవాని


జనగామ,
3 డిసెంబర్ 2024.

మేనకోడలు దుర్గకు కొమురెల్లి మామ దీవెనలు.

ఉత్తరం అందింది. మిషన్ ఈల మానలేదు. దాన్ని తీసి డబ్బాలో పెట్టాను, డబ్బాలో కూడా వేస్తోందని పక్కింటి గిరిప్రసాద్ సారు చెప్పాడు. నాకైతే హాయిగా ఉంది.

దస్తీ మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. నా సర్వీసంతా నేను కొట్లాడింది రెండింటితోనే, చిల్లరతో, దస్తీతో. మనిషి కింద నిలబడి కిటికీలోంచి దస్తీ విసిరి సీటు నాదంటాడు. తువ్వాల, టిఫిను డబ్బా, ఒకసారి పసిపిల్ల టోపీ. "టికెట్ మనిషికిస్త, బట్టకియ్య" అని ఎన్ని దస్తీలు బయట పారేశానో లెక్క లేదు. జనగామ బస్టాండులో నాకు ఆ పేరే ఉండేది. ఇప్పుడు నా మేనకోడలే దస్తీ వేసిన సీట్లో కూర్చుంటోంది.

అది అట్లా ఉండనీ. ఆ రామ్మోహనరావు ఎవరు? వయసెంత? పెళ్లాం పిల్లలు ఉన్నారా? మగవాడు రెండు నెలలు రోజూ ఉత్తపుణ్యానికి సీటు ఆపడు. బస్సులో నేను చూడని వేషం లేదు. నీ మొగుడు నిన్ను వదిలి వెళ్లి తొమ్మిదేళ్లు. నీకు ముందూ వెనకా చెప్పేవాడిని నేనొక్కడినే. అందుకే అడుగుతున్నాను. జవాబు రాయి.

మంచం అమ్మకు. అక్క దాని మీద కూర్చుని బియ్యం ఏరేది.

మామ,
కొమురెల్లి


ఉప్పల్,
22 డిసెంబర్ 2024.

మామకు,

నేను రాసిన రెండు పేజీల్లో నీకు కనబడింది దస్తీ ఒక్కటేనా? మూడు బస్సులు ఎందుకు వదిలేస్తున్నావని అడగలేదు. ఆయన వయసు అడిగావు. నేను ఆయన ఆధార్ కార్డు చూడలేదు, వయసు తెలియదు.

చాలా రోజులనుంచి గొంతులో ఉన్న మాట ఒకటి రాస్తున్నాను, కొట్టేయకముందే కవరులో పెట్టేస్తాను. అమ్మ పన్నెండో రోజున, భోజనాలయ్యాక, వాకిట్లో అందరూ ఉండగా నువ్వు నాతో అన్నావు: "నువ్వు ఆ ఒక్క దినం డ్యూటీ బంద్ జేస్తే మా అక్క బతుకుతుండె." నీ చెవులకు వినబడదు కాబట్టి నువ్వు ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతావు. వీధి చివరిదాకా వినబడింది. చేతిలో ఎంగిలి విస్తరాకులు పట్టుకుని నిలబడిపోయాను.

ఆ మాట రోజూ పొద్దున లేవగానే వినబడుతుంది. అన్నం కలుపుతుంటే వినబడుతుంది. నువ్వు నిజంగా అట్లా అనుకుంటున్నావా, మామా? అది ఒక్కటి రాయి చాలు. ఇంకేమీ అడగను.

దుర్గ


జనగామ,
5 జనవరి 2025.

దుర్గకు,

నేను అడిగినదానికి జవాబు రాలేదు. వయసు తెలియదన్నావు. మూడు నెలలు పక్కన కూర్చున్న మనిషి వయసు తెలియదంటే నేను నమ్మాలా? నలభై ఏళ్లకూ డెబ్భై ఏళ్లకూ తేడా కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది.

పన్నెండో రోజు నేనేమన్నానో నాకు గుర్తు లేదు. అక్క పోయిన దుఃఖంలో మనిషి నోటికి ఎన్నో వస్తాయి. అని ఉంటే ఉంటాను. అన్నా అందులో అబద్ధమేముంది? దగ్గర ఎవరో ఒకరు ఉంటే దవాఖానాకు తీసుకుపోయేవాళ్లు. ఉన్న మాటే కదా. దాన్ని పట్టుకుని ఏడాది ఏడవమని నేను చెప్పలేదు. ఆ మాట అడ్డంపెట్టి అసలు సంగతి దాటేస్తున్నావు.

ఫిబ్రవరి పదిహేడుకు అక్క ఏడాది పూర్తవుతుంది. అప్పుడు వచ్చి నీతోనూ ఆ దస్తీ మనిషితోనూ ఎదురుగా మాట్లాడతాను.

కొమురెల్లి


ఉప్పల్,
26 జనవరి 2025.

మామకు,

నువ్వు రాసింది అర్థమైంది. ఉన్న మాటే అన్నావు. నేను అడిగింది అదే కాబట్టి జవాబు వచ్చినట్టే. ఇప్పుడు మనసు నిమ్మళంగా ఉంది, నిజంగానే. నిన్న లైను మీద ఒక్క తప్పు కూడా పోనివ్వలేదని సూపర్‌వైజర్ మెచ్చుకుంది.

బస్సు కార్గోలో ఒక పార్సిల్ వేశాను. అమ్మ ఫోటో, ఆమె కడియాలు, కళ్లద్దాలు, ఇంకా కొన్ని. కుట్టు మిషన్ పక్కింటామెకు ఇచ్చాను, ఆమె బిడ్డ నేర్చుకుంటోంది. మంచం ఇంటాయనకు ఇచ్చేశాను, నువ్వు తిడతావని తెలుసు. గ్యాస్ సిలిండరు వాపసు చేశాను. పదిహేనో తేదీన గది ఖాళీ చేస్తున్నాను. కంపెనీలో కూడా చెప్పేశాను.

పదిహేడున నువ్వు రావద్దు. చలికి నీ మోకాళ్లు పట్టేస్తాయి. అక్కడే ఫోటోకు దండ వేసి, నీ చేత్తో నాలుగు మెతుకులు పెట్టు, ఆమెకు చాలు. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను. పదిహేడు నుంచి దస్తీ వేయొద్దని రామ్మోహనరావు గారికి కూడా చెబుతాను.

నా గురించి ఫికర్ చేయకు. చిన్నప్పుడు నీ టికెట్ల కట్ట తీసుకుని ఇల్లంతా చింపి పారేస్తే, డ్యూటీ పోతుందని తెలిసి కూడా నన్ను కొట్టలేదు నువ్వు. అది నాకు ఎప్పుడూ గుర్తుంది.

దుర్గాభవాని


జనగామ,
4 ఫిబ్రవరి 2025.

దుర్గాభవానికి,

ఇల్లు ఖాళీ, కొలువు ఖాళీ, తల్లి కడియాలు నా మొహాన. నాకు ఆమాత్రం తెలియదనుకున్నావా? తల్లి ఏడాది కూడా నిండకముందే ఆ మనిషి చెయ్యి పట్టుకుని పోతున్నావు. దస్తీ వేయొద్దని చెబుతావట. ఎందుకు వేస్తాడు, ఇక ఇద్దరూ ఒక్కచోటే ఉంటారు కదా.

కాలుజారి పడ్డాను. ఎడమ కాలికి పిండికట్టు, ఆరు వారాలు కదలొద్దన్నారు. లేకుంటే ఈపాటికి ఉప్పల్ రింగు రోడ్డు మీద వాడి కాలరు పట్టుకునేవాణ్ణి. నీ పార్సిల్ వచ్చింది. విప్పలేదు, విప్పను.

ఇక నాకు ఉత్తరం రాయకు. నా గడప తొక్కకు. నాకు అక్క లేదు, అక్క బిడ్డ కూడా లేదు.

కొమురెల్లి


జనగామ,
16 ఫిబ్రవరి 2025, ఆదివారం సాయంత్రం.

(ఈ కవరు అంటించలేదు. ఇది చేతికి వచ్చిన ప్రతివాళ్లూ చదవండి. ఉప్పల్‌లో రేపు పొద్దున చెంగిచెర్ల నుంచి నాచారం వెళ్లే బస్సు కండక్టరుకు, ఆ బస్సులో దస్తీ వేసి సీటు ఆపే రామ్మోహనరావు గారికి, ఆయన చేత మా దుర్గకు చేరాలి. ఒక రిటైర్డ్ కండక్టరు దండం పెట్టి అడుగుతున్నాడు.)

బిడ్డా దుర్గా,

రేపు అక్క ఏడాది కదా, ఫోటోకు దండ వేద్దామని ఇందాక పార్సిల్ విప్పాను. ఫోటో కింద నీ పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. నీ కమ్మలు ఉన్నాయి. నీ ఆధార్ కార్డు ఉంది. అది చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరితోనైనా వెళ్లిపోయే మనిషి తన కమ్మలు పెట్టుకుని పోతుంది, తన కాగితాలు పట్టుకుని పోతుంది. ఆధార్ లేకపోతే ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కూడా నీకు ఇవ్వరు. ఇక బస్సు ఎక్కనని అనుకున్న మనిషే దాన్ని పంపిస్తుంది.

ఎప్పుడో హన్మకొండ సర్వీసులో ఉండగా, ఒకాయన తన గొడుగు పక్కన కూర్చున్న ముసలమ్మకు ఇచ్చేశాడు. టిఫిను డబ్బా ఎవరి పిల్లకో ఇచ్చేశాడు. ఆలేరులో ఉత్త చేతులతో దిగి, నాకు దండం పెట్టాడు. మంచివాడు అనుకుని నేను రైట్ రైట్ అన్నాను. మర్నాడు పేపర్లో ఆయన ఫోటో వచ్చింది. సామాను పంచిపెట్టిన మనిషిని ఒక్క మాట అడగలేదని ఇన్నేళ్లూ కుమిలాను. నీ జనవరి ఉత్తరం చేతిలో ఉండి కూడా, మళ్లీ నేను రైట్ రైట్ అన్నాను. అంతకంటే పాడుపని, గడప తొక్కవద్దని రాశాను.

గిరిప్రసాద్ సారు చేత నీకు ఫోన్ చేయించాను, స్విచ్ఛాఫ్. ఇంటాయనకు చేయించాను, నిన్ననే ఖాళీ చేసి వెళ్లిందన్నాడు. పోలీసుల నూరు నంబరుకు ఫోన్ చేసి చెప్పాం, నీ ఫోటో అడిగి తీసుకున్నారు, వెతుకుతున్నారు. కాలు కట్టులో ఉంది. మా డిపో మహిపాల్ రేపు తెల్లవారుజాము మొదటి బస్సు నడుపుతాడు. ఈ కవరు వాడి చేతికి ఇస్తున్నాను. వాడు ఉప్పల్‌లో బస్సుల టైము చూసే కంట్రోలరుకు ఇస్తాడు, కంట్రోలరు మీ బస్సు కండక్టరుకు ఇస్తాడు. నువ్వు ఆ బస్సు ఎక్కుతావో లేదో కూడా నాకు తెలియదు. నిన్ను వెతకడానికి ఆ ఒక్క సీటు తప్ప వేరే అడ్రసు నా దగ్గర లేదు.

ఇప్పుడు అసలు మాట. పన్నెండో రోజు నేను అన్నది నాకు గుర్తుంది. గుర్తు లేదని అబద్ధం రాశాను. ఎందుకన్నానో చెబుతాను. ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు అక్క నాకు ఫోన్ చేసింది. చెవిలో మిషన్ లేదు. ఏదో అంటోంది, నాకు అందడం లేదు. "తర్వాత జెయ్యక్కా, ఇనబడ్తలేదు" అని పెట్టేశాను. మళ్లీ చేయలేదు, నేనూ చేయలేదు. పార్కులో పేపర్ చదువుకుంటూ కూర్చున్నాను. నువ్వు డ్యూటీలో ఉన్నావు, నీ ఫోన్ తాళంలో ఉంది. నాది నా జేబులోనే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేక, వాకిట్లో నలుగురి ముందు నీ మీద వేశాను. నీది తప్పు కాదు. గుండెలో మంట అంటే గ్యాస్ మాత్ర ఇవ్వని ఇల్లు లేదు.

రామ్మోహనరావు గారూ, మిమ్మల్ని అనరాని మాటలన్నాను. మీ కాళ్లకు మొక్కుతాను. మా పిల్ల కనబడితే వదిలిపెట్టకండి. నేను అడగని మాట మీరు అడగండి.

కొమురెల్లి


చెంగిచెర్ల,
23 ఫిబ్రవరి 2025.

మామా,

ఉన్నాను. ముందు ఆ మాట రాయమని ఛాయాదేవి గారు అన్నారు. ఆమె రామ్మోహనరావు గారి భార్య. వారం నుంచి వీళ్లింట్లోనే ఉన్నాను. అడిగావు కదా, ఆయన వయసు అరవై ఒకటి. ఒక కంపెనీ స్టోరులో గుమాస్తా. మనవరాలికి జడ వేయడం కూడా వచ్చు. ఈ జవాబు డిసెంబరులోనే రాసి ఉంటే ఎంత బాగుండేది. మొండికేశాను.

పదిహేనున గది వదిలి రెండు రోజులు హాస్టల్లో ఉన్నాను. నీ ఫిబ్రవరి ఉత్తరం సంచిలోనే ఉంది. పదిహేడు పొద్దున పనికి పోవాలని కాదు, బయటికి వచ్చాను అంతే. ఆ రోజుతో నేను కూడా అయిపోవాలని అనుకున్నాను. కాళ్లు అలవాటుగా స్టాపుకే తీసుకొచ్చాయి. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చెంగిచెర్ల బస్సు వచ్చింది. చూడకూడదనుకుంటూనే కిటికీ వైపు చూశాను. తెల్ల దస్తీ ఉంది. శనివారం నాడే వద్దని చెప్పాను ఆయనకు. "మీరు రాకపోతే మీ ఇష్టమమ్మా, దస్తీ నాది కదా, నేను వేసుకుంటాను" అన్నాడు అప్పుడు.

అదే నిమిషంలో కంట్రోలరు దగ్గర నుంచి కండక్టరు దీప చేతిలో నీ కవరుతో పరుగెత్తుకొచ్చింది. ఆమె చదివింది, ఆయనకు ఇచ్చింది, ఆయన చదివాడు. ఇద్దరూ కిందికి దిగారు. దీప డ్రైవరుకు "హోల్డాన్" అని అరిచి ఇంజను ఆపించింది. నీకు తెలుసు కదా, నిండిన బస్సు పొద్దున ఒక్క నిమిషం ఆగితే జనం ఎట్లా గోల చేస్తారో. ఒక్కరూ నోరెత్తలేదు. వెనక హారన్లు కొడుతున్నారు. ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మిమ్మల్ని ఒక మాట సూటిగా అడుగుతాను. చచ్చిపోదామనుకుంటున్నారా?"

ఏడాదిలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఎవరైనా అడుగుతారేమోనని కూడా అనుకోలేదు. అవునన్నాను. ఆయన ఉలిక్కిపడలేదు, నీతులు చెప్పలేదు.

"చెప్పారు, అదే చాలా మంచిపని చేశారు. ఇప్పుడు బస్సెక్కండి. సీటుంది."

ఎక్కాను. ఒకామె టిఫిను సంచిలోంచి నీళ్ల సీసా తీసి నా చేతిలో పెట్టింది. ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు, ఇప్పటికీ ఎవరో తెలియదు. నీ ఉత్తరం అక్కడే చదివాను. దీప తన ఫోన్‌లో 14416కు కలిపి నాకు ఇచ్చింది, అది ఇట్లాంటి బాధలు వినే ప్రభుత్వ నంబరు. అవతల ఒకమ్మాయి నలభై నిమిషాలు తొందరపడకుండా వింది. నాచారంలో దిగేసరికి ఛాయాదేవి గారు ఆటోలో వచ్చి ఉన్నారు. దవాఖానాలో మనసు డాక్టరుకు చూపించారు. మందులు ఇచ్చారు, వారానికోసారి రమ్మన్నారు. పోలీసులకు కూడా దొరికానని చెప్పేశాం. కంపెనీలో సూపర్‌వైజర్ నా రాజీనామా పైకి పంపనేలేదట. నీ మొహం చూసి నా దగ్గరే పెట్టుకున్నానే అంది.

తర్వాత దీప చెప్పింది. మూడు వారాల నుంచి ఆధార్ అడిగితే మరిచిపోయానంటున్నానని ఆమెకు అనుమానం వచ్చిందట. రామ్మోహనరావు గారితో అప్పుడే అందట. వాళ్లిద్దరూ నా గురించి మాట్లాడుకుంటున్నారని నాకు తెలియనే తెలియదు. నాకోసం ఇదంతా ఎందుకు చేశారని ఆయన్ను అడిగాను. ఆలోచించాడు పాపం, పెద్ద కారణమేదో చెబుతాడనుకున్నాను. "మూడు బస్సులు వదిలేశారు కదమ్మా, నాలుగోదైనా ఎక్కుతారేమోనని" అన్నాడు.

అంతా బాగైపోయిందని రాయను. నిన్న మళ్లీ ఏడ్చాను. పొద్దున లేవగానే ఆ మాట ఇంకా వినబడుతుంది, కాకపోతే దాని వెనకే నాది తప్పు కాదన్న నీ రెండో మాట కూడా వినబడుతోంది. అమ్మ నీకు ఫోన్ చేసిందని చదివితే నాకు కోపం రావాలి కదా, రాలేదు. ఏడాది పాటు నువ్వు ఆ ఫోన్‌ను జేబులో పెట్టుకుని ఒక్కడివే తిరిగావు. నీదీ తప్పు కాదు, మామా. చెవులు పోవడం తప్పెట్లా అవుతుంది?

ఇప్పుడు నిన్ను సూటిగా ఒక మాట అడుగుతున్నాను. నీకు కూడా నాకు అనిపించినట్టే అనిపించిందా? దాటేయకు. ఈసారి నేను అడిగినదానికే జవాబు రాయి.

నీ దుర్గ


జనగామ,
9 మార్చి 2025.

దుర్గకు, నీ మామ.

అనిపించింది. రెండుసార్లు. ఈ వాక్యం రాయడానికి నాకు వారం పట్టింది.

రాసి, పెన్ను కింద పెట్టి, గిరిప్రసాద్ సారును పిలిచి ఆయనకు కూడా చెప్పాను. అరిచే చెప్పాను, వేరే విధంగా నాకు మాట్లాడటం రాదు కదా, వీధంతా విని ఉంటుంది. విననీ. నీ మీద మాట వేసినప్పుడు కూడా వీధంతా విన్నది. ఆయన అప్పటినుంచి రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటున్నాడు. నీ 14416కు కూడా కలిపాడు. అవతలివాళ్లు చెప్పింది ఆయన కాగితం మీద రాసి చూపించాడు, నేను అరిచి జవాబు చెప్పాను. చెవి మిషన్ డబ్బాలోంచి తీశాను. ఈల వేస్తోంది, వేయనీ. నీ గొంతు ఒక్కసారి వినాలి.

పిండికట్టు శుక్రవారం తీస్తారు. పదిహేడు, సోమవారం పొద్దున, మహిపాల్ మొదటి బస్సులో నన్ను తెచ్చి చెంగిచెర్ల దారి దగ్గర దింపుతాడు. నువ్వు మళ్లీ డ్యూటీలో చేరుతున్నావని, ఆ ముందురోజే ఉప్పల్ గదికి మారుతున్నావని రామ్మోహనరావు గారు రాశాడు. మంచి దస్తూరి. ఆ ఒక్క రోజుకు సీటు ఆపే పని నాకు ఇమ్మని ఆయన్ను అడిగాను. దీప ఏమంటుందో తెలియదు. నా కాలంలో నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు.

కిటికీ పక్కన నీలిగళ్ల దస్తీ ఉంటుంది, చూసుకో. ఎవరు అడిగినా మా మేనకోడలు ఉప్పల్‌లో ఎక్కుతుందని చెబుతాను. నా కాలు చూసి లేచి నాకు సీటివ్వకు. ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డవాణ్ణి, నాచారం దాకా నిలబడలేనా. నీ ఆధార్ కార్డు, నీ కమ్మలు నా జేబులో ఉన్నాయి.

నెమ్మదిగా రా. తొందరేం లేదు. నువ్వు ఎక్కేదాకా నేను రైట్ అననియ్య.

మామ,
కొమురెల్లి